కంచె మొక్క ఏది, ఎడం ఎంత? హైదరాబాద్ ఇళ్లకు ఒక పోలిక

బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకున్న ఏడాది గేటు పక్కన 30 అడుగుల పొడవున గోల్డెన్ డురాంటా వేయించాను. "అడుగుకు రెండు పెట్టుకోండి మేడమ్, ఆర్నెల్లకే గోడ లెక్క అయితది" అన్నాడు నర్సరీ అతను. 60 మొక్కలు కొన్నాను. చెప్పినట్టే ఆరు నెలలకు పసుపుపచ్చని గోడ తయారైంది. వచ్చిన చుట్టాలందరూ మెచ్చుకున్నారు. రెండో ఎండాకాలం దాటేసరికి కింద అడుగున్నర మేర ఆకు లేదు, ఉత్త పుల్లలు. పైన మాత్రం గొడుగు గుడ్డలా పలచని పచ్చదనం. మూడో ఏడాది లెక్కపెడితే బతికినవి 23. వాటినీ పీకించేసి, అదే 30 అడుగుల్లో 20 గోరింట మొక్కలు నాటాను. ఇప్పుడు మా ఇంటికి ఉన్న కంచె అదే.

ఆ 60కీ ఈ 20కీ మధ్య నేర్చుకున్నది రాస్తున్నాను. కంచె అనగానే అందరూ "ఏ మొక్క మంచిది?" అని మొదలుపెడతారు. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, కంచె ఎందుకు: అందానికా, ఎదురింటి చూపు ఆపడానికా, మేకలను ఆపడానికా? రెండోది, మే నెలలో నీళ్లు ఎవరు పోస్తారు, వానల్లో కత్తెర ఎవరు పడతారు? ఈ రెండూ తేలితే మొక్క పేరు దానంతట అదే తేలుతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం కూడా సగం తేలిపోతుంది.

మా ఇంట్లోనే మూడు రకాల అవసరాలున్నాయి. నాది 200 గజాల ఇల్లు, ఎర్రమట్టి, బోరు నీళ్లు. మా ఆడపడుచుది అల్వాల్‌లో మూల మీద ఇల్లు. పక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది, ఆమెకు చాటు కావాలి. మా తమ్ముడు చేవెళ్ల దగ్గర అరెకరం కొన్నాడు. అక్కడ మేకలు, అడవిపందులు. ముగ్గురికీ ఒకే మొక్క చెబితే కనీసం ఇద్దరికి నష్టం.

మన నేల, మన నీళ్లు

హైదరాబాద్ గ్రానైట్ బండ మీద కూర్చున్న ఊరు. ఉప్పల్, మల్కాజిగిరి, ఎల్బీనగర్ ఎటు చూసినా పైన ఎర్రమట్టి, అడుగో రెండడుగులో దిగితే మొరం, ఇంకొంచెం దిగితే రాయి. ఈ నేలలో నీళ్లు నిలవవు కాబట్టి వేరు కుళ్లే భయం తక్కువ, కానీ ఎండాకాలంలో ఇట్టే ఆరిపోతుంది. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వెళ్తే నల్లరేగడి తగులుతుంది. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లు విచ్చుతుంది, ఆ పగుళ్లలో లేత వేళ్లు తెగుతాయి.

ఏడాదికి మనకు పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపే పడిపోతుంది. మిగతా కాలమంతా బోరు, నల్లా, లేదా ట్యాంకర్. బోరు నీళ్లు చాలాచోట్ల సున్నం నీళ్లే. బకెట్ అంచున తెల్లగా పేరుకునే పొర చూసే ఉంటారు. అదే పని మట్టిలోనూ జరుగుతుంది. ఉప్పు, సున్నం పేరుకున్న మట్టిలో ఇనుము ఉన్నా కొన్ని మొక్కలు దాన్ని తీసుకోలేవు. కోనసీమలో నిగనిగలాడే నూరువరహాలు మన దగ్గర ఈనెలు పచ్చగా, ఆకు పసుపుగా మారి ఏడుపు మొహం పెట్టడానికి కారణం ఇదే. బోరు నీళ్ల ఇంటికి నూరువరహాల కంచె వద్దు. మంజీర, కృష్ణా నీళ్లు తోటకు కూడా సరిపడా వచ్చే అదృష్టం ఉంటే వేరే మాట.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ప్రహరీ గోడ పక్కన ఉన్నది నిజానికి మట్టి కాదు. ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, టైల్స్ పొడి అక్కడే పోసి, పైన నాలుగు తట్టల ఎర్రమట్టి కప్పి మేస్త్రీ వెళ్లిపోతాడు. దాని కింద గోడ పునాది రాళ్లు గోడకంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. గోడకు ఆనించి మొక్క పెడితే దానికి దొరికేది రాయి, సిమెంటు. నా డురాంటాలు మూడో వంతు ఇలాగే పోయాయి.

గోరింటా, డురాంటానా?

నగరంలో ఎక్కువ ఇళ్లకు అసలు పోటీ ఈ రెంటి మధ్యే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

డురాంటా గొప్పతనం వేగం. కొత్త ఇంటికి గృహప్రవేశం అయిన ఏడాదే నిండుదనం కావాలంటే దాన్ని మించింది లేదు. బంగారు రంగు ఆకు దూరం నుంచే కనిపిస్తుంది. మోకాలి ఎత్తు అంచుకు, లాన్ చుట్టూ గీత గీసినట్టు ఉండడానికి బాగుంటుంది. కానీ ఆ రంగు నిలవాలంటే రోజంతా ఎండ తగలాలి. నీడ పడిన భాగం పచ్చబడిపోయి కంచె రెండు రంగుల్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. వానాకాలంలో మూడు వారాలకోసారి కత్తిరించకపోతే జుట్టు రేగినట్టు తయారవుతుంది. మాలీ వచ్చే ఇంటికి పర్వాలేదు. ఆదివారం ఒక్కటే తీరిక దొరికే ఇంటికి అది ఉద్యోగం మీద ఇంకో ఉద్యోగం. ఎండాకాలంలో నీళ్లు కూడా బాగా అడుగుతుంది. పైగా కత్తిరించకుండా వదిలేస్తే కాసే ఆ పసుపు కాయలు విషపూరితం. చిన్నపిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో ఇది గుర్తు పెట్టుకోవాలి.

గోరింట మొదటి ఏడాది మిమ్మల్ని నిరాశపరుస్తుంది. సన్నగా, పలచగా, ఎవరైనా చూస్తే "ఇదేం కంచె?" అనేలా ఉంటుంది. రెండో వానాకాలం నుంచి కథ మారుతుంది. పొడి నేల, సున్నం నీళ్లు, 42 డిగ్రీల ఎండ అన్నీ తట్టుకుంటుంది. నీళ్లు మరీ తక్కువైతే ఆకు రాల్చి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. డురాంటాలా చచ్చి ఊరుకోదు. పూత వచ్చినప్పుడు సాయంత్రం వాకిట్లో వాసన గుప్పుమంటుంది. ముదిరిన కొమ్మలకు ముళ్లలాంటి మొనలు వస్తాయి, కాబట్టి కుక్కలు దూరవు. ఇక ఆషాఢం వస్తే మా కంచెకు కత్తెర అవసరం ఉండదు. వీధిలో ఆడవాళ్లందరూ గిన్నెలు పట్టుకుని వస్తారు, రెండు రోజుల్లో పైభాగం అంతా సమానంగా దూసేస్తారు. బోనాల సందడిలో నాకు అది ఉచిత ట్రిమ్మింగ్.

లోటు లేదా అంటే ఉంది. గోరింట ఎప్పుడూ డురాంటా అంత ఒత్తుగా, దిద్దినట్టుగా ఉండదు. చలికాలం చివర్లో కాస్త వెలవెలబోతుంది. గేటు ముందు హోటల్ లాన్ లాంటి అందమే కావాలనుకునేవారికి ఇది నచ్చదు.

ధరలో కూడా తేడా ఉంది. వానాకాలంలో పెన్సిల్ మందం ఉన్న ముదురు గోరింట కొమ్మను జానెడు ముక్క కోసి నాటితే వేళ్లు వేస్తుంది. తెలిసినవాళ్ల ఇంట్లో ఒక పాత చెట్టు ఉంటే మీ కంచెకు ఖర్చు దాదాపు లేనట్టే. నా 20 మొక్కల్లో 8 అలా వచ్చినవే.

నా ఓటు గోరింటకే. కాకపోతే మోకాలి ఎత్తు అంచు మాత్రమే కావాలంటే, కత్తెర పట్టే మనిషి ఉంటే, డురాంటా వేసుకోండి. అడుగుకు ఒకటి, అంతకు మించి వద్దు.

పూజకు పూలు కూడా కావాలంటే

నందివర్ధనం ఈ వరసలో మొదటిది. సగం నీడలో కూడా పూస్తుంది. ఇంటికి ఉత్తరం వైపు, పక్క బిల్డింగ్ నీడ పడే చోట గోరింట ఏడుస్తుంది గానీ నందివర్ధనం హాయిగా ఉంటుంది. వానాకాలంలో ఒక రోజు పొద్దున్నే చూస్తే కొమ్మలకు ఆకులు మాయమై ఉంటాయి. నల్లటి గుండ్రటి రెట్టలు కింద కనిపిస్తే పైన వెతకండి: వేలంత లావున్న ఆకుపచ్చ గొంగళిపురుగు, తల దగ్గర రెండు నీలి కళ్లలాంటి మచ్చలు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ కరవదు. చేత్తో తీసి దూరంగా వేస్తే చాలు, మందు కొట్టాల్సిన పని లేదు. గన్నేరుకూ ఇదే పురుగు వస్తుంది.

మందార కంచె ఊహించుకోవడానికి బాగుంటుంది. పూత కొత్త చిగుళ్ల కొసల మీదే వస్తుంది. కంచె అని చదునుగా కత్తిరిస్తూ ఉంటే పూలు ఉండవు, పూల కోసం వదిలేస్తే కంచె ఉండదు. దీనికి తోడు తెల్లటి పిండిలా అంటుకునే పురుగు, పిండినల్లి. ఒక మొక్కకు పడితే చలి తగ్గేసరికి వరసంతా తెల్లగా అయిపోతుంది. మందారను విడిగా రెండు మూడు పొదలుగా పెంచుకోవడమే నయం.

కామినీ అని నర్సరీల్లో అమ్ముతారు, మన పుస్తకాల్లో నాగగొలుగు. కరివేపాకుకు దగ్గరి చుట్టం. ముదురాకుపచ్చ ఆకు, నారింజ పూత వాసన, ఎంత కత్తిరించినా ఒద్దికగా ఉంటుంది. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఏడాదికి మూడు నాలుగు కత్తిరింపులతో సరి. అందంలో ఈ ఊరి కంచెలన్నిట్లో దీనికే మొదటి మార్కు వేస్తాను. డబ్బు ఎక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఒక్క హెచ్చరిక: పెరట్లో నిమ్మ, బత్తాయి, నారింజ చెట్లుంటే కామినీ వద్దు. నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే చిన్న పురుగు దీని చిగుళ్ల మీద కూడా కాపురం పెడుతుంది. మా ఆడపడుచుకు నేను ముందు కామినీయే చెప్పాను. "వదినా, మా పెరట్లో నిమ్మచెట్టు ఉంది కదా, ఏడాదంతా పచ్చడి దాంతోనే" అని గుర్తు చేసింది. అక్కడితో ఆ మాట వదిలేశాం.

గన్నేరు గురించి రెండు మాటలు చాలు. హైవే డివైడర్ల మీద పొగ, ఎండ అన్నీ భరిస్తూ పూస్తుంది, కాబట్టి మీ ఇంట్లోనూ బతుకుతుంది. కానీ ఆకు, పువ్వు, కొమ్మ అంతా విషమే. ఎండిన కొమ్మలు కాల్చినా ఆ పొగ మంచిది కాదు. పచ్చగన్నేరుదీ అదే సంగతి. చిన్నపిల్లలు, పశువులు ఉన్నచోట వద్దు.

మేకలు ఆగాలంటే

మా తమ్ముడు మొదట ముళ్లతీగ వేశాడు. మూడు నెలలకు రెండు చోట్ల తెగింది. "అక్కా, మొక్కల కంచె వేస్తే పశువులు ఆగుతాయా?" అని అడిగాడు. ఆగుతాయి, కానీ సరైన మొక్క కావాలి, మూడేళ్లు ఆగాలి.

ఇక్కడ నా మొదటి ఎంపిక వాక. వాక్కాయ పప్పు తిన్నవాళ్లకు పరిచయమే. జంట ముళ్లు, గట్టివి, చర్మంలో దిగితే గుర్తుండిపోయేవి. రాతి నేలలో, నీళ్లు లేని చోట నిలబడుతుంది. ఏడాదంతా ఆకు ఉంటుంది. వానాకాలంలో కాయలు వస్తాయి: పప్పుకు, పులిహోరకు, పచ్చడికి. కేకుల మీద, మీఠా పాన్‌లో ఎర్రగా మెరిసే 'చెర్రీ' చాలాసార్లు చక్కెర పాకంలో నానిన వాక్కాయే. 1870ల్లో దొంగ ఉప్పు రవాణాను ఆపడానికి బ్రిటిష్ వాళ్లు ఉత్తర, మధ్య భారతంలో వందల మైళ్ల పొడవున ముళ్ల కంచె పెంచారు. ఆ కంచెలో తుమ్మ, రేగు, నాగజెముడుతో పాటు ఈ వాకను కూడా నాటారు. 1879లో ఆ సుంకపు కంచెను ఎత్తేశారు. మనుషులను ఆపడానికి వాడిన మొక్క మేకలకు సరిపోదా?

వాకకు ఉన్న లోపం నెమ్మదితనం. మొదటి ఏడాది మోకాలి ఎత్తు దాటదు. అప్పటిదాకా మేకలు దాన్నే మేస్తాయి. అందుకే తమ్ముడికి చెప్పింది ఇది: తీగ కంచె అలాగే ఉంచు, దానికి లోపల మూడడుగుల దూరంలో వాక నాటు. తీగ తుప్పు పట్టి పడిపోయే నాటికి వాక లేస్తుంది. తీగ బయటి అంచున అడ్డసరం వేశాడు. దాని చేదుకు మేకలు నోరు పెట్టవు. ఒక పక్క రోడ్డు వైపు సీమచింత గింజలు వరసగా విత్తాడు. అది మన పల్లెల్లో పాత అలవాటే. ఏటా నరుకుతూ ఉంటే ముళ్ల గోడ, రెండేళ్లు మరిచిపోతే చెట్ల వరస.

ఇంటి దగ్గర మాత్రం వాక వద్దంటాను. కత్తిరించిన ముల్లు నేల మీద పడి ఉంటే చెప్పు కూడా ఆపలేదు. బోగన్‌విలియాకూ ముళ్లే. కాకపోతే దాన్ని ప్రహరీ గోడ మీదికి ఎక్కించి బయటికి వాలేలా వదిలితే, దొంగలకు అడ్డం, వీధికి అందం. నీళ్లు తగ్గిస్తేనే బాగా పూసే మొక్క, కాబట్టి ట్యాంకర్ కొనుక్కునే కాలనీలకు నప్పుతుంది.

చాటు కావాలంటే

అల్వాల్ సమస్య ఇది. మూడో అంతస్తు బాల్కనీ నుంచి చూస్తే మా ఆడపడుచు వంటింటి గిన్నెలు కూడా కనిపిస్తాయట. నర్సరీలో అందరూ మూడు పేర్లు చెప్పారు: అశోక, ఫైకస్, కోనోకార్పస్.

అశోక అని మనం పిలిచేది నారమామిడి. అసలైన అశోకవృక్షం వేరు. సన్నగా, నిటారుగా 20, 30 అడుగులు లేస్తుంది. కొద్ది చోటులో ఎత్తు కావాలంటే ఇదే దారి. కింద నాలుగైదడుగులు మాత్రం తర్వాత్తర్వాత ఖాళీ అవుతుంది, కాయల కోసం గబ్బిలాలు వచ్చి చుట్టూ రెట్టలు వేస్తాయి. ఇంకొకటి, పెద్దయ్యాక అది చెట్టు కింద లెక్క. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది కాబట్టి కొట్టేయాలంటే అనుమతి సంగతి చూసుకోవాలి. పొదను కత్తిరించినంత సులువు కాదు.

ఫైకస్ కుండీలో ముద్దుగా ఉంటుంది. నేలలో అది మర్రి, రావి కుటుంబమని మరిచిపోతే మూడేళ్లకు గుర్తు చేస్తుంది. నీటి చెమ్మ ఎక్కడుంటే అక్కడికి వేరు పోతుంది. మన ఇళ్లలో చెమ్మ ఉండేది సంపు దగ్గర, సెప్టిక్ ట్యాంక్ దగ్గర, డ్రైనేజీ పైపు దగ్గర. కంచే చేను మేయడం అంటే ఇదే. కోనోకార్పస్‌దీ అదే పద్ధతి. వేగంగా, ముదురు పచ్చగా, నీళ్లు లేకున్నా పెరుగుతుందని మన రోడ్ల మధ్యలో కూడా విరివిగా వేశారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. ఇంటి గోడ పక్కన ఈ రెండూ వద్దు, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా సరే.

మిగిలింది వెదురు. పొదగా పెరిగే రకాన్ని ఎంచుకుంటే ఏడెనిమిది అడుగుల చాటు రెండేళ్లలో వస్తుంది, గాలికి ఆ చప్పుడు కూడా బాగుంటుంది. ఆకులు రోజూ రాలతాయి. వాన నీటి జాలీ ఊడ్చే ఓపిక ఉండాలి. కనీసం మూడడుగుల వెడల్పు నేల కావాలి.

మా ఆడపడుచు ఇంటి పక్క సందు మొత్తం నాలుగడుగులే. అందులో ఏ కంచె వేసినా మనిషి నడవలేడు. చివరికి గోడ మీద ఇనుప జాలీ ఎత్తించి, దానిపైకి రాధామనోహరం తీగ ఎక్కించాం. తీగ ఎడం ఆరడుగులకు ఒకటి, మొత్తం ఐదు తీగలు. ఎర్రగా, తెల్లగా గుత్తులు పూస్తే బాల్కనీ వాళ్లే ఫొటోలు తీసుకుంటున్నారు. ఐదడుగుల కంటే తక్కువ సందు ఉన్నవారందరికీ నా సలహా ఇదే: కంచె ఆలోచన మానుకుని తీగ వేయండి. పూలు అక్కర్లేదంటే కర్టెన్ క్రీపర్ ఉంది, తెరలా వేలాడుతుంది.

ఇక ఎడం లెక్క

మనం మొక్కను కొన్న రోజు సైజు చూసి ఎడం పెడతాం. అక్కడే తప్పు. జానెడు మొక్కల మధ్య అడుగున్నర ఖాళీ చూస్తే ఎవరికైనా చేతులు ఊరుకోవు, మధ్యలో ఇంకోటి గుచ్చాలనిపిస్తుంది. దగ్గరగా నాటిన మొక్కలు వెలుతురు కోసం పోటీ పడి పైకే పరుగెత్తుతాయి. కింది కొమ్మలకు ఎండ తగలక ఆకు రాలుతుంది. కంచెలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఆ కింది రెండడుగులే. పైగా గాలి ఆడక పిండినల్లి, తెల్లదోమ చేరతాయి. మే నెలలో ఒకే చెంబు నీళ్లకు ముగ్గురు దాహంగాళ్లు.

నేను వాడే లెక్క ఇది: కత్తిరించి ఉంచే కంచె అయితే, చివరికి ఎంత ఎత్తు కావాలో అందులో మూడో వంతు నుంచి సగం దాకా ఎడం. మూడడుగుల గోరింట కంచెకు అడుగు నుంచి అడుగున్నర. ఎర్రమట్టిలో, నీళ్లు తక్కువైన చోట పెద్ద అంకె తీసుకోండి. నందివర్ధనానికి రెండడుగులు, కామినీకి అడుగున్నర నుంచి రెండు. వాకకు రెండు నుంచి మూడు. గన్నేరుకు మూడు. అశోక మూడు నుంచి నాలుగు, వెదురు పొదలు నాలుగైదు. కత్తెర పెట్టకుండా సహజంగా వదిలే పొదలకైతే పూర్తిగా విచ్చుకున్నప్పటి వెడల్పులో మూడింట రెండు వంతులు.

ఎన్ని మొక్కలు కొనాలన్నది తేలికే, కానీ గేటును లెక్కలోంచి తీసేయడం మరిచిపోతారు. 40 అడుగుల ముందు భాగంలో 10 అడుగుల గేటు పోతే 30. దాన్ని అడుగున్నరతో భాగిస్తే 20. మొదటి మొక్కను చివరి నుంచి ముప్పావు అడుగు వదిలి పెట్టండి, అవతల చివరా అంతే మిగులుతుంది. అంచు మీదే మొదలుపెడితే ఒక మొక్క ఎక్కువ పడుతుంది, గేటు రెక్కకూ తగులుతుంది.

గోడ నుంచి దూరం: కంచె చివరి వెడల్పులో సగం, దాని మీద ఇంకో అరడుగు. మూడడుగుల వెడల్పు కంచె అయితే గోడకు రెండడుగులు. వెనక చెయ్యి పట్టాలి. లేకపోతే అటు వైపు ఎప్పటికీ కత్తిరించలేరు. పొరుగువారితో ఉమ్మడి గోడ అయితే ఇంకో అరడుగు కలపండి. మాటలు పడే కంటే చోటు పోవడం నయం. మూల మీద ఇల్లయితే మలుపు దగ్గర కంచెను మూడడుగులు దాటనివ్వకండి, బండి మీద వచ్చేవాళ్లకు అవతలి వీధి కనిపించాలి.

రెండు వరసలు వేయాలా? ఇంటికి అక్కర్లేదు. పొలానికి అయితే వేయండి, వరసల మధ్య అడుగున్నర, మొక్కలు ఎదురెదురుగా కాకుండా జిగ్‌జాగ్‌గా. తమ్ముడు వాక అలాగే వేశాడు.

నాటే రోజు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో మొక్క నాటడం దాన్ని చంపుకోవడమే. మృగశిర దాటాక, రెండు మంచి వానలు పడి నేల లోపలిదాకా తడిశాక మొదలుపెట్టండి. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు చివరి దాకా మంచి కాలం. నవంబర్‌లో కూడా నాటొచ్చు, కానీ నీళ్ల బాధ్యత మొదటి రోజు నుంచీ మీదే.

మన నర్సరీలకు చాలా మొక్కలు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వస్తాయి. వచ్చిన మొక్కను ఆ రోజే ఎండలో నాటకుండా వారం రోజులు నీడలో ఉంచండి. ఆ కవర్‌లో ఉండే బంకమట్టి ముద్ద మన మొరం నేలలో పెట్టాక రాయిలా గట్టిపడుతుంది. పోసిన నీళ్లు చుట్టుపక్కల ఇంకిపోతాయి, ముద్ద లోపల మాత్రం పొడి. పైకి చూస్తే పాదు తడి, మొక్క మాత్రం వాడిపోతుంది. అందుకే నాటే ముందు కవర్‌తో సహా బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. తర్వాత కవర్ కోసి, అడుగున చుట్టలు తిరిగిన వేళ్లుంటే విడదీయండి.

నాలుగడుగుల సన్నటి పుల్ల కంటే అడుగున్నర ఎత్తులో కింది నుంచే నాలుగు కొమ్మలున్న మొక్క మేలు. ధర కూడా తక్కువ.

విడివిడి గుంతల కంటే పొడవునా కందకం తీయడం మంచిది: అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. సిమెంటు పెళ్లలు ఏరి బయట పడేయండి. మొరం తగిలితే గడ్డపారతో అడుగును కాస్త పగలగొట్టండి, నీళ్లు దిగుతాయి. రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు బాగా మాగిన పెంట ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. పచ్చి పేడ వద్దు, చెదలు వస్తాయి. నల్లరేగడిలో మాత్రం కందకం తీయకండి, వానకు కాలువలా నీళ్లు నిలుస్తాయి. అక్కడ కట్టలా మట్టి ఎత్తు చేసి దాని మీద నాటాలి. తాడు కట్టి వరస చూసుకోండి. కళ్లతో చూసి పెట్టిన వరస ఎప్పుడూ వంకరే.

నాటిన వారానికి పై మూడో వంతు కత్తిరించేయాలి. కొత్తగా కొన్న మొక్క తల నరకడానికి మనసు ఒప్పదు, నాకూ ఒప్పలేదు. కానీ కొమ్మలు కింది నుంచి రావాలంటే వేరే దారి లేదు. ఆ ఏడాదే ఇంకో రెండు సార్లు. ఆకారం కింద వెడల్పు, పైన సన్నం ఉండాలి, పేర్చిన బతుకమ్మలా. నిలువు గోడలా కత్తిరించినా, పైన లావుగా వదిలినా కింది ఆకు మళ్లీ పోతుంది.

నీళ్ల సంగతి. మొదటి ఎండాకాలం రోజు విడిచి రోజు మొక్కకు ఐదు లీటర్లు పోస్తే, 20 మొక్కలకు 100 లీటర్లు, నెలకు 1,500. అదే 60 మొక్కలైతే 4,500, అంటే దాదాపు ఒక చిన్న ట్యాంకర్. ఎడం లెక్క చివరికి నీళ్ల లెక్కే. మొక్క మొదలు దగ్గర ఎండుటాకులు, కొబ్బరిపీచు నాలుగు అంగుళాల మందం పరిస్తే ఇంకా ఆదా. కాండానికి తగలకుండా కాస్త ఖాళీ వదలండి. పాముల భయం ఉన్నవారు రెండో ఏడాది నుంచి కింద అరడుగు శుభ్రంగా ఉంచుకుంటే సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కత్తెర ముట్టకండి. పైఆకు తీస్తే లోపలి లేత కొమ్మ ఎండకు మాడిపోతుంది.

20 కావాలంటే 22 కొనండి, అదే లాట్‌లోంచి. మిగిలిన రెండింటినీ కుండీల్లో పెట్టి కంచెతో పాటే కత్తిరిస్తూ ఉండండి. ఏదో ఒకటి పోతుంది, అప్పటికి అదే వయసు మొక్క సిద్ధంగా ఉంటుంది. మా కంచెలో గేటు నుంచి ఏడోది అలా కుండీలోంచి వచ్చిందే. ఈ ఆషాఢంలో దాని ఆకు కూడా దూశారు.